సైకిల్ ప్రశ్నలు: ముందు మడ్‌గార్డు సంగతి అడగండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ఖమ్మం. రెండేళ్లుగా బ్రిస్టల్‌లో ఉంటున్నాం. ఇల్లు మాంగట్స్‌ఫీల్డ్‌లో, ఆఫీసు టెంపుల్ మీడ్స్ స్టేషన్ దగ్గర. దాదాపు ఆరు మైళ్లు. మా కంపెనీ సైకిల్ టు వర్క్ స్కీమ్ (ఆఫీసుకి వెళ్లే సైకిల్ ఇప్పించి, పన్నుకి ముందే నెలనెలా జీతంలోంచి కోసుకునే పథకం) కింద 1,500 పౌండ్ల దాకా ఇస్తోంది. నా జీతం ఏడాదికి 44,000 పౌండ్లు. వయసు 39, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, బరువు 82 కిలోలు. పదో తరగతి తర్వాత మళ్లీ సైకిల్ ఎక్కలేదు. ఒక షాపులో కార్బన్ ఫ్రేము, షిమానో 105 గేర్లు ఉన్న రేసు బైకు 1,500కి చూశాను. ఇంకో చోట అల్యూమినియం ఫ్రేముది, టియాగ్రా గేర్లతో, 1,100 చెప్పారు. ఫ్రెండ్స్ అందరూ కార్బనే తీసుకోమంటున్నారు, ఎలాగూ గవర్నమెంటు 42 శాతం భరిస్తుంది కదా అంటున్నారు. వారాంతాల్లో పక్క ఊరు బాత్ దాకా వెళ్లాలని కూడా ఆశ. ఈ నెలాఖరుకు స్కీములో చేరే గడువు, అదే విండో, మూసేస్తారట. టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోమంటారు?
— ఒక పాఠకుడు, బ్రిస్టల్

జవాబు: తమ్ముడూ, అల్యూమినియంది తీసుకోండి. అయితే దానికి కూడా సంతకం పెట్టే ముందు షాపువాళ్లను ఒక్క మాట అడగండి: వెనక ఫ్రేముకీ ముందు ఫోర్కుకీ పూర్తి మడ్‌గార్డులు బిగించడానికి మర కన్నాలు ఉన్నాయా? ఉన్నాయంటే వేలు పెట్టి చూపించమనండి. లేవంటే అది ఎంత మంచి బైకైనా ఆఫీసుకి పనికిరాదు. గేర్లు, బరువు, కార్బన్ అన్నీ ఆ తర్వాతే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వినండి. నేను 2007లో బ్రిస్టల్ వచ్చాను. 2011లో మా ఆఫీసులో ఇదే స్కీమ్ పెట్టారు. అప్పట్లో చాలా కంపెనీల్లో 1,000 పౌండ్లే గరిష్ఠం. మాకూ ఏడాదికి ఒక్కసారే విండో తెరిచేవాళ్లు, మీలాగే నాకూ నెలాఖరు గడువు. షాపులో నా సైజు లేదు. నా ఎత్తూ మీ ఎత్తే, నాకు 54 సెంటీమీటర్ల ఫ్రేము సరిపోతుంది. వాళ్ల దగ్గర 56 ఉంది. సీటు కిందికి దించి, హ్యాండిల్ దగ్గరికి జరిపితే చాలన్నారు. సన్నటి 23 మిల్లీమీటర్ల టైర్లు, ఎర్ర ఫ్రేము, చేత్తో ఎత్తితే పువ్వులా లేచింది. మడ్‌గార్డుకు కన్నాలు లేవన్న సంగతి నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

సెప్టెంబరంతా బాగానే గడిచింది. అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. వెనక చక్రం ఎగజిమ్మిన బురదనీళ్లు నడుము నుంచి మెడ దాకా చారలా పడేవి. ముందు చక్రం నీళ్లు బూట్లలోకి. రబ్బరు పట్టీలతో తగిలించే మడ్‌గార్డులు కొన్నాను, టైరుకీ బ్రేకుకీ మధ్య చోటు లేక గరగరమని రాసుకునేవి. సైజు పెద్దదైనందుకు చేతులు బాగా చాపాల్సి వచ్చేది, ఇరవై నిమిషాలు దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కేవి. డిసెంబరులో బస్సు ఎక్కేశాను. బైకు షెడ్డులో ఉంది. జీతంలోంచి మాత్రం ఆగస్టు దాకా ప్రతి నెలా కోత పడింది. మళ్లీ సైకిల్ మీద ఆఫీసుకు పోవడానికి నాకు ఐదేళ్లు పట్టింది. 2016లో తీసుకున్నది అల్యూమినియం ఫ్రేము, డిస్క్ బ్రేకులు, 28 టైర్లు, నల్ల మడ్‌గార్డులు. అది ఇప్పటికీ రోజూ బయటికి తీస్తున్నాను. సైకిల్ తొక్కే అలవాటు పోవడానికి బద్ధకం కారణం కాదు తమ్ముడూ, చాలాసార్లు తప్పు బైకే కారణం. మీ విషయంలో అలా కాకూడదని నా కోరిక.

ఇక మీ దారి. మీరు అదృష్టవంతులు. మాంగట్స్‌ఫీల్డ్ నుంచి ఊళ్లోకి బ్రిస్టల్-బాత్ రైల్వే పాత్ ఉంది. పాత రైలు పట్టాలు తీసేసిన కట్ట మీద 1979 నుంచి 1986 మధ్య వేసిన దారి అది, మొత్తం 13 మైళ్లు. రైళ్లు నడిచిన కట్ట కాబట్టి ఎత్తుపల్లాలు చాలా తక్కువ. స్టేపుల్ హిల్ టన్నెల్ దాటాక లారెన్స్ హిల్ వైపుకి దాదాపు కాళ్లు ఆడించకుండానే జారిపోతారు, సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం ఆ వాలు ఎదురెక్కాలి. కానీ ఆ దారి మీ ఒక్కరిది కాదు. పొద్దున ఎనిమిదిన్నరకి కాలితో తోసే స్కూటర్ల మీద స్కూలు పిల్లలు, కుక్కల్ని తిప్పేవాళ్లు, బండిలో పసిబిడ్డను తోసుకెళ్లే తల్లులు ఉంటారు. అక్కడ గంటకు పన్నెండు మైళ్లు దాటి తొక్కడం మర్యాద కాదు. అంత వేగానికి కార్బన్ ఫ్రేము తగ్గించే కిలో, కిలోన్నర బరువు మీకు తెలియను కూడా తెలియదు. బెల్లు మాత్రం తప్పకుండా కావాలి.

అక్టోబరు నుంచి మార్చి దాకా ఆ దారి మీద తడి ఆకులు మెత్తగా పరుచుకుని ఉంటాయి. పక్కన పొదలు కొట్టినప్పుడల్లా ముళ్లు రాలతాయి. చివరి మైలు ఎలాగూ మామూలు రోడ్డే, గుంతలు, మ్యాన్‌హోల్ మూతలు, బస్సులు. అందుకే రెండో ప్రశ్న టైర్ల గురించి అడగండి: మడ్‌గార్డు బిగించాక ఎంత వెడల్పు టైరు పడుతుంది? 28 పడితే సరే, 32 పడితే ఇంకా మంచిది. మీ బరువుకి 32 టైరులో 65 పీఎస్ఐ చుట్టూ గాలి పెడితే చేతులకి కుదుపు సగం తగ్గినట్టు ఉంటుంది. సన్న టైరు గట్టిగా గాలి కొట్టుకుని ఉంటేనే వేగం అన్నది పాత నమ్మకం. ఇలాంటి గతుకు రోడ్డు మీద వెడల్పు టైరే హాయిగా దొర్లుతుంది. పంక్చర్ ఆపే పట్టీ ఉన్న రకం వేయించండి. కాస్త బరువెక్కువే, కానీ జనవరిలో సాయంత్రం ఐదున్నరకి, చీకట్లో, వానలో ట్యూబు మార్చే బాధ ఒక్కసారి పడినవాళ్లు ఆ బరువు గురించి మళ్లీ మాట్లాడరు.

బ్రేకులు డిస్క్ ఉండాలి, వీలైతే హైడ్రాలిక్. తడిలో రిమ్ము బ్రేకు పట్టడానికి ముందు ఒక క్షణం జారుతుంది, పైగా బురదలోని ఇసుక రిమ్మునే అరగదీస్తుంది.

గేర్ల గురించి మీ ఫ్రెండ్స్ ఎక్కువ మాట్లాడుతున్నట్టున్నారు. షిమానోలో క్లారిస్, సోరా, టియాగ్రా, 105 అని మెట్లు మెట్లుగా ఉంటాయి. పైకి పోయేకొద్దీ వెనక పళ్ల చక్రాల సంఖ్య పెరుగుతుంది, మార్చడం మెత్తనవుతుంది, చైనూ క్యాసెట్టూ (వెనక పళ్ల చక్రాల గుత్తి) ఖరీదవుతాయి. చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లలో రోజూ తిరిగే చైన్ ఎంత మంచిదైనా త్వరగానే సాగుతుంది. చవగ్గా మార్చుకోగలిగిన చైనే ఆఫీసు బండికి నయం. మీరు చూడాల్సింది వాటి పేరు కాదు, అన్నిటికన్నా తేలిక గేరు ఏదన్నది. ముందు 50, 34 పళ్లు, వెనక పెద్ద చక్రానికి 32 గానీ 34 గానీ పళ్లు ఉంటే బ్రిస్టల్‌లో ఎక్కడైనా కూర్చునే ఎక్కేస్తారు. రైల్వే పాత్ చదునే గానీ, ఒకరోజు నిటారు ఎత్తున్న పార్క్ స్ట్రీట్ వైపు పని పడితే ఆ గేరు విలువ తెలుస్తుంది. రేసు బైకులకి కొన్నిటికి ముందు 52, 36 ఇస్తారు. ఇరవై మూడేళ్ల తర్వాత సైకిల్ ఎక్కుతున్న మనిషికి అది మోకాళ్ల మీద భారం.

సైజు విషయంలో రాజీ పడకండి. మీ ఎత్తుకి చాలా కంపెనీల్లో 52 నుంచి 54 మధ్య సరిపోతుంది, కానీ ఒక కంపెనీ 54 ఇంకో కంపెనీ 54లా ఉండదు. రోడ్ బైకుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి రేసుది, హ్యాండిల్ కిందికి, దూరంగా ఉంటుంది, వీపు బల్లపరుపుగా వంచాలి. రెండోదాన్ని షాపుల్లో ఎండ్యూరెన్స్ అంటారు, హ్యాండిల్ కాస్త పైకి, దగ్గరగా ఉంటుంది. స్పెషలైజ్డ్ అలెజ్, జెయింట్ కంటెండ్, ట్రెక్ డొమేన్ ఏఎల్ ఇలాంటివి. మీకు కావలసింది ఈ రెండో జాతి. షాపు చుట్టూ ఒక రౌండు కాదు, పదిహేను నిమిషాలు తొక్కనివ్వమని అడగండి. బ్రేకు మీటల మీద చేతులు పెట్టినప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. నిటారుగా బిగుసుకుపోతే ఆ బండి మీకు పొడవు. మీ సైజు లేదంటే, ఉన్నదాన్నే సర్దుతామంటే, నమస్కారం పెట్టి బయటికి రండి.

ఇప్పుడు డబ్బు. ఫ్రెండ్స్ చెప్పిన 42 శాతం ఇంగ్లండులో ఏడాదికి 50,270 పౌండ్లు దాటి జీతం ఉన్నవాళ్లకి. 40 శాతం ఆదాయపు పన్ను, 2 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ లాంటివాటికి జీతంలోంచి కట్టే వాటా) కలిపి. మీకు 20, 8 కలిపి 28 శాతం. ఇది గవర్నమెంటు చేతికిచ్చే డబ్బు కూడా కాదు. పన్ను వేయకముందే జీతంలోంచి కోత పడుతుంది కాబట్టి ఆ భాగం మీద పన్ను కట్టరు, అంతే. 1,500 పౌండ్లని పన్నెండు నెలలకి పంచితే నెలకి 125 కోత. చేతికొచ్చే జీతంలో తగ్గేది 90. ఏడాదికి 1,080.

అక్కడితో అయిపోలేదు, చాలామంది తెలుసుకోనిది ఇక్కడే ఉంది. ఏడాది పొడవునా ఆ బండి మీది కాదు. కాగితాల ప్రకారం అది అద్దె సైకిల్. మా తెనాలిలో చిన్నప్పుడు గంటకింతని అద్దెకి తెచ్చుకునేవాళ్లం. షాపాయన పలక మీద టైము రాసుకునేవాడు, బండికి నంబరు ఉండేది, గీత పడితే మనమే జవాబు చెప్పాలి. ఇదీ సరిగ్గా అలాంటిదే, పలక బదులు ఆన్‌లైన్ ఒప్పందం. అద్దె కాలం ముగిశాక సొంతం చేసుకోవాలంటే పన్ను శాఖ ఒక లెక్క పెట్టింది. 500 పౌండ్లు, అంతకు మించిన బండికి ఏడాది తర్వాత విలువ 25 శాతం. అంటే మీకు 375 పౌండ్లు. అదే నాలుగేళ్ల తర్వాత విలువ 7 శాతమే. అందుకని ఆఫీసుల తరఫున ఈ స్కీము నడిపే కంపెనీలు చాలావరకు ఒక పద్ధతి పెట్టాయి. ఏడాది తర్వాత 7 శాతం డిపాజిట్ కట్టించుకుని, ఇంకో మూడేళ్లు బండి మీ దగ్గరే ఉంచి, ఆ తర్వాత మీ పేరు మీద చేస్తారు. మీకు అది 105 పౌండ్లు. మొత్తం 1,185 అవుతుంది. మిగిలేది 315, అంటే 21 శాతం. మంచి మొత్తమే, కాదనను. కానీ 42 కాదు.

ఈ 21 శాతాన్ని మనసులో పెట్టుకుని చుట్టూ చూడండి. మోడల్ మారే సమయంలో షాపులు పాత ఏడాది బండ్లకి 25, 30 శాతం తగ్గిస్తుంటాయి. ఆ తగ్గింపు ధరకి కొన్ని షాపులు స్కీమ్ వోచరు (డబ్బు బదులు షాపులో ఇచ్చే స్కీమ్ కాగితం) తీసుకోవు, తీసుకున్నా కొంత కలుపుతాయి, ఎందుకంటే వోచరు మీద స్కీమ్ కంపెనీ వాళ్ల దగ్గర కమిషన్ పట్టుకుంటుంది. కాబట్టి నగదుకి ఎంత, వోచరుకి ఎంత అని రెండు ధరలూ రాయించుకోండి. డబ్బు చేతిలో ఉంటే ఒక్కోసారి స్కీమ్ లేకుండా కొనడమే చవక. విండో మూసేస్తారన్న భయం అక్కడ సగం తీరిపోతుంది.

1,500 మొత్తం బండికే పెట్టకండి. స్కీములో భద్రతకి సంబంధించిన సామాను కూడా వస్తుంది, ఆ సామానుకీ పన్ను మినహాయింపు వర్తిస్తుంది. నా లెక్కలో మీ బండికి 1,100. మడ్‌గార్డులకి 45. సోల్డ్ సెక్యూర్ గోల్డ్ అని, గట్టితనం పరీక్షించి వేసే ముద్ర ఉన్న తాళానికి 80. లైట్లకి 70. హెల్మెట్‌కి 50. పంపు, ట్యూబులు, బెల్లుకి 50. వెనక క్యారియర్, దానికి తగిలించే నీళ్లు దిగని సంచికి 100. మొత్తం 1,495. ఇవన్నీ ఒకే కొటేషన్‌లో వేయించండి, వోచరు వచ్చాక కలపడం సాధారణంగా కుదరదు. ల్యాప్‌టాప్ వీపు మీద మోసుకుని ఆరు మైళ్లు తొక్కితే చలికాలంలో కూడా చొక్కా తడుస్తుంది. క్యారియర్ బిగించే కన్నాలు కూడా అందుకే చూడమంటున్నాను. మన ఊళ్లో క్యారియర్ లేని సైకిల్ ఎవరైనా కొన్నారా? పాల క్యాను, బియ్యం బస్తా, చెల్లెలు అన్నీ దాని మీదే కదా వచ్చేవి.

బండి పోతే ఎలా అన్నది ముందే ఆలోచించండి. దొంగ ఎత్తుకుపోయినా పన్నెండు నెలల కోత ఆగదు. ఇంటి ఇన్సూరెన్స్‌లో సైకిల్ కలిసి ఉందో లేదో, ఒక్క వస్తువుకి పరిమితి ఎంతో, ఇంటి బయట పోయినా ఇస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఫ్రేము కింద చెక్కిన నంబరు ఫొటో తీసి బైక్‌రిజిస్టర్ అనే వెబ్‌సైటులో నమోదు చేయండి, పోలీసులు దొరికిన సైకిళ్లను వెతికేది అందులోనే.

మీరు వీసా సంగతి రాయలేదు. కానీ రెండేళ్ల క్రితం వచ్చానన్నారు కాబట్టి స్పాన్సర్‌షిప్ మీద ఉన్నారనుకుని చెబుతున్నాను. ఈ స్కీములో కాగితం మీద మీ జీతం తగ్గుతుంది. మీ జీతం వీసాకి కావలసిన కనీస మొత్తానికి దగ్గరగా ఉంటే, సంతకానికి ముందు హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి, ఫరవాలేదని రాతలో జవాబు తెచ్చుకోండి. నోటి మాట చాలదు. ఇల్లు కొనే ఆలోచన ఉన్నా, పెన్షన్ కోత తగ్గిన జీతం మీద లెక్కేస్తారా అన్నా, అదే మెయిల్‌లో అడిగేయండి.

బాత్ ప్రయాణానికి ఈ బండే చాలు. బిట్టన్ దగ్గర పాత స్టేషన్ ఉంది, ఆగి టీ తాగండి. మొదటి నెల రైల్వే పాత్ మీద ఆదివారం పొద్దున్నే రెండు మూడుసార్లు ఆఫీసు దాకా ఉత్తినే వెళ్లి రండి. సోమవారం కంగారు ఉండదు. రోడ్డు మీద మాత్రం అంచుకి నక్కి తొక్కకండి. 2022లో మార్చిన హైవే కోడ్ (ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం) రద్దీ తక్కువ రోడ్ల మీద, ట్రాఫిక్ నెమ్మదిగా సాగేచోట లేన్ మధ్యలో తొక్కమనే చెబుతోంది. దాటే కార్లు కనీసం మీటరున్నర వదలాలని కూడా అందులోనే ఉంది.

ప్రశ్న: అన్నయ్య గారూ, నేను మిల్టన్ కీన్స్‌లో హాస్పిటల్‌లో నర్సుగా చేస్తున్నాను. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. ఇంటి నుంచి హాస్పిటల్ మూడు మైళ్లు, రెడ్‌వే (నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వేరుగా వేసిన దారి) మీదే. షిఫ్టులు, నైట్లు కూడా ఉంటాయి. స్కీములో రోడ్ బైకు తీసుకుందామంటే షాపులో 50 సైజే అన్నిటికన్నా చిన్నదని, సీటు దించితే సరిపోతుందని అన్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, మిల్టన్ కీన్స్

జవాబు: కాదమ్మా. సీటు దించితే కాళ్లు అందుతాయి, చేతులు అందవు. మీ ఎత్తుకి చాలా రోడ్ బైకుల్లో 47, 48, 49 అని వచ్చే అతి చిన్న సైజు కావాలి, అది తెప్పించగలిగే షాపుకి వెళ్లండి. బండికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడినప్పుడు పైగొట్టం తగలకూడదు. బ్రేకు మీటలు మీ వేళ్లకి అందేలా లోపలికి తిప్పే మర ఉంటుంది, దాన్ని షాపులోనే సరిచేయించుకోండి. పెడల్ చేయి 165 మిల్లీమీటర్లు ఉంటే మీ మోకాళ్లకి హాయి. చిన్న ఫ్రేముల్లో ఇంకొకటి చూడాలి. పెడల్ ముందుకొచ్చినప్పుడు హ్యాండిల్ తిప్పితే బూటు ముందు చక్రానికి తగులుతుందేమో. మడ్‌గార్డు పెట్టాక ఇంకా దగ్గరవుతుంది. రెడ్‌వేల మీద అండర్‌పాసుల దగ్గర నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు అది తగిలితే పడిపోతారు.

నిజానికి మీకు రోడ్ బైకు అక్కర్లేదనిపిస్తోంది. మూడు మైళ్లు, రెడ్‌వే, పన్నెండు గంటల డ్యూటీ చేసి తిరిగి రావడం. నిటారు హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ తీసుకోండి, చైన్ మీద కప్పు ఉన్నది అయితే చుడీదార్ ప్యాంటు అందులో పడదు. చున్నీ మాత్రం సంచిలో పెట్టుకోండి, వెనక చక్రంలో చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రోడ్ బైకే కావాలని మనసులో గట్టిగా ఉంటే అదీ తప్పు కాదు, సైజు దొరికే దాకా ఆగండి.

నైట్ డ్యూటీ కాబట్టి లైట్ల మీద డబ్బు తగ్గించకండి. చీకటి పడ్డాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు, పెడళ్లకి నారింజ రంగు రిఫ్లెక్టర్లు చట్ట ప్రకారం ఉండాలి. హెల్మెట్ చట్టం అడగదు, నేను అడుగుతున్నాను, పెట్టుకోండి. రెడ్‌వేల్లో చెట్ల కింద చీకటిగా ఉండే చోట్ల ఎదుటివాళ్లకి కనబడే లైటు చాలదు, దారి మీకు కనబడే లైటు కావాలి. యూఎస్‌బీతో చార్జ్ అయ్యేది తీసుకుని, డ్యూటీలో లాకరులో చార్జింగ్ పెట్టుకోండి.

ప్రశ్న: సార్, నేను లీడ్స్‌లో ఉంటాను. ఏడు నెలల కిందట స్కీములో 1,000 పౌండ్ల రోడ్ బైకు తీసుకున్నాను. నాన్నగారి ఆరోగ్యం బాగాలేక రెండు నెలల్లో హైదరాబాద్ తిరిగి వెళ్లిపోతున్నాను. బైకు నాతో తీసుకెళ్లొచ్చా? ఇక్కడే అమ్మేయనా?
— ఒక పాఠకుడు, లీడ్స్

జవాబు: నాన్నగారు త్వరగా కోలుకోవాలి. బండి విషయం: ఈ రోజుకి అది మీది కాదు, కాబట్టి అమ్మే హక్కు లేదు, దేశం దాటించే హక్కూ లేదు. రాజీనామా ఇచ్చేముందే హెచ్ఆర్‌తోనూ స్కీమ్ కంపెనీతోనూ మాట్లాడండి. మీరు వెళ్లేనాటికి తొమ్మిది నెలలు పూర్తవుతాయనుకుంటే మూడు నెలల కోత మిగులుతుంది, నెలకి 83 పౌండ్ల 33 పెన్నీలు, అంటే 250. ఆ మొత్తాన్ని ఆఖరి జీతంలోంచి ఒక్కసారే పట్టుకుంటారు, అది పన్ను పోయాక మిగిలిన డబ్బులోంచి. ఆ 250 మీద మీకు పన్ను లాభం రాదు. ఆ తర్వాత బండి విలువ కట్టి, ఆ మొత్తం చెల్లించి, సొంతం చేసుకున్నట్టు వాళ్ల నుంచి లెటరు తీసుకోవాలి. ఆ మొత్తం ఎక్కువనిపిస్తే బండి వెనక్కి ఇచ్చేసే వీలుందేమో కూడా అడగండి. ఆఖరి నెలలో టికెట్లు, ఇంటి డిపాజిట్ లాంటి ఖర్చులు మీద పడతాయి కాబట్టి ఈ కోత ముందే లెక్కలో వేసుకోండి.

తీసుకెళ్లేట్టయితే ఏదైనా సైకిల్ షాపులో ఖాళీ అట్టపెట్టె అడగండి, ఊరికే ఇస్తారు. పెడళ్లు విప్పాలి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపుకి తిప్పితే ఊడుతుంది. వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకి విప్పి గుడ్డ చుట్టి కట్టండి, పెట్టె ఎక్కడైనా వాలినప్పుడు మొదట వంగేది అదే. విమానం కంపెనీ లగేజీ నియమాలు టికెట్ కొనకముందే చదవండి.

హైదరాబాద్‌లో తొక్కడానికి చోటు ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. నానక్‌రామ్‌గూడ వైపు ఇల్లయితే పొద్దున ఎండ ఎక్కకముందే ఒక చుట్టు వేయొచ్చు. మామూలు రోడ్ల మీదికైతే మీ ఫ్రేములో పట్టేంత వెడల్పు టైరు వేయించుకోండి. డిస్క్ బ్రేకు ప్యాడ్లు రెండు జతలు, మీ సైజు ట్యూబులు నాలుగు ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. మీ ట్యూబుకి సన్నగా పొడుగ్గా ఉండే వాల్వు ఉంటుంది, అక్కడ పంక్చరు షాపుల్లో కంప్రెసర్ గొట్టం మోటార్‌సైకిల్ వాల్వుకే సరిపోతుంది. మధ్యలో బిగించే చిన్న ఇత్తడి మర ముక్క ఒకటి రెండు పౌండ్లలోపే దొరుకుతుంది. మూడు కొనండి, ఒకటి సీటు కింద సంచిలో, ఒకటి పర్సులో, ఒకటి మీ వీధి పంక్చరు షాపాయన దగ్గర ఉంచండి.